ఎండీ ఎండని అనాస

తమ్ముడు జైలుకి వెళ్ళిన దగ్గర్నుంచీ అక్కకి తిండి విషయంలో ఒక్కటే కొలత మిగిలింది. గేటు దాటుతుందా, దాటదా? రొట్టె దాటదు. ఉడికించింది ఏదీ దాటదు. పచ్చి పండు అసలే దాటదు. పార్సిళ్ళు తీసుకునే రోజు నెలకొక్కటే. ఆ రోజున గేటు పక్క కిటికీలో కూర్చునే వార్డర్ సంచి విప్పి, వాసన చూసి, వేళ్ళతో నలిపి, కాస్త తడి తగిలితే చాలు పక్కనున్న చెత్త డ్రమ్ములోకి విసిరేసేవాడు. మొదటిసారి ఆమె మోసుకెళ్ళిందంతా ఆ డ్రమ్ము పాలే అయింది. "నీళ్ళున్నదేదీ లోపలికి పోదమ్మా, బోర్డు చదువుకోలేదా?" అన్నాడు. చదువుకుంది. చదువుకున్నా, నీళ్ళు లేని తిండి ఈ లోకంలో ఏముంటుందో ఆమెకి తోచలేదు.

తోచింది కుట్టు పిన్నికి. అక్క పనిచేసేది ఆస్పత్రి లాండ్రీలో. ఉతికి పిండిన దుప్పట్లూ గౌన్లూ మనిషి పట్టేంత డ్రయ్యర్లలో వేసి, ఎండాక తీసి మడతబల్ల మీదికి చేర్చడం ఆమె పని. చిరిగినవాటిని మూలగదిలో మిషను ముందు కూర్చుని అతికే పెద్దావిడే కుట్టు పిన్ని. ఆవిడ నోరూ ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆవిడకి తెలియకుండా ఆ లాండ్రీలో గుడ్డ ఆరదు. విషయం వినగానే, "ఓస్, ఇంతేనా! మా ఇంట్లో డీహైడ్రేటర్ పడి ఉంది, పట్టుకుపో" అంది.

మర్నాడే తెచ్చి బల్ల మీద పెట్టింది. చూడ్డానికి గుండ్రటి డబ్బా, పైన ఒకదాని మీద ఒకటి చిల్లుల ట్రేలు.

"దీన్ని పొయ్యి అనుకున్నావో, చెడ్డావన్నమాటే. ఇది వండదు. కింద ఫ్యాను తిరుగుతుంది, గోరువెచ్చని గాలి తోలి ముక్కలో ఉన్న నీళ్ళు లాక్కుంటుంది, అంతే. ముక్కలన్నీ ఒకే మందంలో, పల్చగా కొయ్యి. ఒకదాని మీద ఒకటి పడెయ్యకు, మధ్యలో గాలి ఆడాలి. అడుగు ట్రే పైకీ పై ట్రే అడుక్కీ మారుస్తూ ఉండు. తొందరపడి వేడి పెంచావా, కొంప మునిగినట్టే. పైన పెంకు కడుతుంది, లోపలి నీళ్ళు లోపలే ఉండిపోతాయి. చూస్తే మాత్రం ఎండినట్టే కనబడుతుంది, దొంగముఖంది!"

"మరి ఎండిందో లేదో తెలిసేదెలా పిన్నీ?"

"వేడి మీద ఏదీ తెలీదు. చల్లారనిచ్చి చింపి చూడు. నలిపితే చెమ్మ కనబడకూడదు. అప్పుడు కూడా వెంటనే మూటకట్టకు. గాజు సీసాలో పోసి వారం పాటు రోజూ ఒకసారి కుదుపు. సీసా లోపల ఆవిరి పట్టిందంటే మళ్ళీ ట్రేలోకి."

"వారమా!"

"ఏం, నీ డ్రయ్యర్లాగా చిటికెలో అయిపోవాలా? దుప్పటి వేరు, పండు వేరు తల్లీ."

మొదట్లో ఆమె చేతిలో పాడవని పండు లేదు. ఆపిల్ ముక్కలు తుప్పుపట్టిన రేకుల్లా తయారయ్యాయి. కోసిన వెంటనే నిమ్మరసం కలిపిన నీళ్ళలో ముంచాలని పిన్ని అప్పుడు చెప్పింది, తీరిగ్గా. అరటి ముక్కలు ట్రేకి అతుక్కుని, గీకితే పొడుం రాలింది. క్యారెట్లు రాళ్ళయ్యాయి. అయినా పట్టు వదల్లేదు. మెల్లగా చెయ్యి కుదిరింది. ఒకనాడు వార్డర్ ఆమె ఆపిల్ ముక్కల్ని నలిపి, వాసన చూసి, ఒకటి నోట్లో వేసుకుని మరీ లోపలికి పంపాడు. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అక్క చాలాకాలానికి తనలో తాను నవ్వుకుంది.

ఇంట్లో అమ్మ ఉంది. బస్సు కండక్టరుగా జీవితమంతా నిలబడి నిలబడి, ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై మంచాన పడింది. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను. వంటగదిలో డీహైడ్రేటర్ తిరుగుతుంటే ముందుగదిలోంచి అనేది: "ఒక మిషనేమో నాకు గాలి తాగిస్తోంది, ఇంకోటేమో పండు నీళ్ళు తాగేస్తోంది. కరెంటాఫీసు వాళ్ళు మన ఇంటికి దణ్ణం పెట్టుకుని పనిలోకి దిగాలి." నోరు తగ్గలేదు గానీ, ఆ ఒక్క మాటకీ మధ్యలో మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకునేది.

కళ్ళు కూడా తగ్గలేదు. టికెట్టు లేనివాణ్ణి బస్సెక్కే తీరులోనే పట్టేసే కళ్ళవి. పర్సు పోయిందన్నవాణ్ణీ, ఇప్పుడే ఎక్కానన్నవాణ్ణీ, చంటిపిల్ల మీద ఒట్టేసినవాణ్ణీ కొన్ని వేలమందిని చూసింది. అలాంటి మనిషి ఇంట్లో అక్క ఇన్నేళ్ళూ తమ్ముడి కోసం అబద్ధాలాడింది. వాడు తాగి పడుకుంటే అలిసిపోయి పడుకున్నాడంది. వాడి యజమాని ఫోన్ చేస్తే జ్వరమంది. వాంతి చేసుకుంటే బయట తిన్నది పడలేదంది. అమ్మ ఏమీ అనేది కాదు, ఒక చూపు చూసేది, అంతే.

వాడు సరుకుల వ్యాను నడిపేవాడు. ఒక తెల్లవారుజామున తాగి నడిపి, సైకిలు మీద పనికి వెళ్తున్న మనిషిని గుద్దేశాడు. ఆ మనిషి అక్కడికక్కడే పోయాడు. అతనికి ఇద్దరు పిల్లలు. కోర్టులో అక్క బోనెక్కి, "తాగలేదండీ, దగ్గు మందు పుచ్చుకున్నాడు, ఆ వాసనండీ అది" అని వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పింది. అవతలి వకీలు రక్తపరీక్ష చదివేసరికి హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ ఆ హాల్లోనే కూర్చుని ఉంది. ఇంటికొచ్చాక ఒక్కటే మాటంది: "అబద్ధం చెప్పావు సరే, అతికేట్టయినా చెప్పొద్దుటే?"

జైల్లో వాడు మారాడు. ఇది అక్క మాట కాదు, జైలు వాళ్ళ మాటే. తాగుడు మాన్పించే బృందంలో చేరాడు, కొత్తగా వచ్చినవాళ్ళకి తనే చెప్పే స్థాయికి వచ్చాడు. నడవడి బాగుందని గడువు కంటే ముందే వదిలిపెట్టే వాళ్ళలో వాడి పేరు చేర్చారు. ఇక విడుదలలు తేల్చే బోర్డు కూర్చోవడమే తరువాయి. ఇటు డాక్టరేమో అక్కని పక్కకి పిలిచి, అమ్మ చలికాలం దాటితే గొప్పే అన్నాడు. అమ్మకి అది ఎవరూ చెప్పక్కర్లేదు. "వాడు మానేశాడంటే చెవులతో వింటే నమ్మను. గుమ్మంలోంచి మంచం దాకా నడిచి రమ్మను. ఆ నాలుగడుగుల్లో తెలిసిపోతుంది నాకు. అది చూసి పోతాను" అంది. పోవడానికి కూడా ఆవిడకి ఒక బస్టాపు కావాలి మరి. అక్క అప్పటినుంచీ బోర్డు కోసం కళ్ళల్లో ఒత్తులు వేసుకుని ఎదురుచూస్తోంది.

అలాంటి సమయంలో వచ్చిపడింది ఆ అనాస పండు.

ములాఖత్‌లో అద్దానికి అవతలినుంచి తమ్ముడే అడిగాడు. "అక్కా, అనాస ముక్కలు కూడా ఎండబెట్టొచ్చా? ఎందుకో మహా తినాలనుంది." వాడు ఏదైనా అడగడం అదే మొదలు. దానికేం భాగ్యం అంది అక్క. అనాసలో ఎన్ని నీళ్ళుంటాయో ఆమెకి తెలుసు. వారం ముందే మొదలుపెట్టాలనుకుంది. సరిగ్గా ఆ వారమే అమ్మకి ఊపిరి అందక ఆస్పత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టేసరికి, పార్సిలు రోజు తెల్లారితే వచ్చేస్తుందనగా మిగిలింది ఒక్క మధ్యాహ్నం.

పోనీ ఈసారికి పాత ఆపిల్ ముక్కలు పంపొచ్చు కదా! పంపొచ్చు. కానీ వాడు నోరు తెరిచి అడిగాడు. కాదనడం ఆ మనిషికి పుట్టుకతో రాలేదు, ఏం చేస్తాం! గబగబా చెక్కు తీసి లావుపాటి చక్రాల్లా కోసింది. ట్రేలు చాలకపోతే ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించింది. వేడి పెంచే గుండ్రటి మీటని ఆ చివరిదాకా తిప్పేసింది. లాండ్రీలో ఎప్పుడూ జరిగేది అదే. సరుకు తొందరగా కావాలని పైనుంచి కబురొస్తే వేడి పెంచుతారు, దుప్పట్లు ఆరిపోతాయి. పిన్ని మాట గుర్తుకు రాకపోలేదు. వచ్చింది, దాన్ని పక్కకి నెట్టింది.

పొద్దుగూకాక తీసి చూస్తే ముక్కలు అంచులు ముడుచుకుని బంగారు రంగులో గట్టిగా ఉన్నాయి. గోటితో కొడితే టక్కుమన్నాయి. చల్లారేదాకా ఆగలేదు, చింపి చూడలేదు. అమ్మ లోపల్నుంచి పిలుస్తోంది. వెచ్చగా ఉన్నవాటినే ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి మీద కాగితం వేసి ఇస్త్రీ పెట్టెతో అతికేసింది. మిగిలిన గుప్పెడు సీసాలో వేసింది.

మర్నాడు బస్సులో ఒళ్ళో పెట్టుకున్న సంచి లోపలివైపు సన్నగా ఆవిరి పట్టి ఉంది. చూసింది. చూసి, పైనుంచి కొంగుతో తుడిచింది, అదేదో బయట పట్టినట్టు. వేలితో రుద్దినా ఆ తెలుపు పోలేదు. వెనక్కి వెళ్దామా అనుకుంది. వెళ్తే మళ్ళీ నెల దాకా వాడికేమీ ఉండదు. బస్సు వేడికి అలా ఉందిలే, వాడు ఈ రోజే తినేస్తాడులే అని తనకి తనే చెప్పుకుంది. కిటికీలో వార్డర్‌కి తెలిసిన ముఖమాయె. సంచిని పైనుంచి నొక్కి, గట్టిగా తగిలేసరికి, "ఈసారేంటమ్మా, అనాసా?" అని నవ్వి లోపలికి పంపించేశాడు.

తర్వాత కొన్నాళ్ళకి జైలు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పార్సిలు గురించి విచారణ, పంపినవాళ్ళు వచ్చి చెప్పాలి. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. పిన్నిని అడిగింది.

"పాడైన తిండి పంపితే, పంపినవాళ్ళ పేరు కొట్టేస్తారే. మా వీధిలో ఒకావిడకి అలాగే చేశారు. ఇక పార్సిలూ లేదు, ములాఖత్తూ లేదు. బాగానే ఎండబెట్టావు కదా?"

"ఆఁ, బాగానే ఎండింది పిన్నీ."

అబద్ధం అక్కడే మొదలైంది. అంత శ్రద్ధగా నేర్పిన మనిషి ముందు వేడి పెంచానని చెప్పడానికి ఆమెకి ముఖం చెల్లలేదు. ఇంటికెళ్ళి, అటక మీదున్న సీసా మూత తీసింది. బుస్సుమంది. పుల్లటి, తియ్యటి ఆ వాసన ఆమెకి కొత్తది కాదు, తమ్ముడి చొక్కాల్లో ఎన్నోసార్లు పీల్చినదే. వెనక సందులోని చెత్తకుండీలో ఆ ముక్కలు పడేసి, సీసాని వేడినీళ్ళతో కడిగి బోర్లించింది. ఇప్పుడిక తన తప్పుకి సాక్ష్యం లేదనుకుంది. ఆ పిచ్చితల్లి చేజేతులా కడిగేసుకున్నది ఏమిటో ఆమెకి అప్పుడు తెలియదు.

విచారణ గది చిన్నది. బల్ల వెనక సూపరింటెండెంటు కూర్చుని ఉన్నాడు. నెరిసిన మీసాలు, అలిసిపోయిన ముఖం. చెడ్డవాడిలా లేడు. బల్ల మీద స్టీలు పళ్ళెంలో ఆమె ఇస్త్రీ పెట్టెతో అతికిన సంచే ఉంది. ఉబ్బి బిగుసుకుని, అతుకు ఒక మూల ఊడి, అడుగున పసుప్పచ్చటి నీళ్ళు చేరి ఉన్నాయి. గదంతా ఆ వాసనే. గోడ వారగా తమ్ముడు నిలబడి ఉన్నాడు, పక్కనే వార్డర్. అడిగితే తప్ప మాట్లాడకూడదని వాడికి ముందే చెప్పినట్టున్నారు. అక్క వాడి వంక సరిగా చూడలేకపోయింది.

"ఇది మీరు పంపిందేనా అమ్మా?"

"అవునండీ."

"మీరు పంపినప్పుడు ఎలా ఉంది? పూర్తిగా ఎండి ఉందా?"

వచ్చింది, అనుకున్న ప్రశ్నే వచ్చింది. దారిపొడుగునా వల్లించుకున్న జవాబు నాలుక చివరే ఉంది. "ఎండిందండీ. గలగలలాడాయి ముక్కలు."

"తడి ఏమైనా మిగిలి ఉండొచ్చా? ఆలోచించుకుని చెప్పండి."

ఆలోచించుకోమని ఆయన చెప్పనే చెప్పాడు. వింటేగా!

"చుక్క కూడా లేదండీ. నేను ఆస్పత్రి లాండ్రీలో డ్రయ్యర్లు నడుపుతానండీ. ఎండడం అంటే ఏంటో నాకు తెలీదా? చల్లార్చి, చింపి చూసి, సీసాలో పెట్టి చూసి మరీ కట్టాను. నా చేతి మీదుగా తడిగా ఏదీ బయటికి పోదండీ."

సూపరింటెండెంటు తలూపాడు. "గేటు దగ్గర మా వాడు కూడా పొడిగానే ఉందంటున్నాడు. అంటే నీళ్ళు ఇక్కడే కలిశాయి." తమ్ముడి వైపు తిరిగాడు. "ఎండిన పండుకి నీళ్ళు పోసి, సంచి కట్టి, గోడవార వెచ్చగా దాచి ఊరబెట్టడం. జైల్లో సారా తయారయ్యేది ఇలాగేనయ్యా. నీ దగ్గర ఇది దొరుకుతుందని మాత్రం నేను అనుకోలేదు."

అప్పుడు తెలిసింది అక్కకి. విచారణ తన మీద కాదు. ఒక్క తడిచుక్క ఉందని ఒప్పుకుని ఉంటే వాడు బయటపడేవాడు. ఆ చుక్క కూడా లేదని ఢంకా బజాయించి చెప్పింది తనే.

"సార్, లేదు సార్! ఎండలేదు. నేను... నేను అబద్ధం చెప్పాను సార్. తొందరలో వేడి పెంచేశాను. పైన గట్టిపడింది, లోపల తడి ఉండిపోయింది. బస్సులోనే ఆవిరి పట్టింది, కళ్ళారా చూశాను. వాడికేం తెలీదు సార్!"

ఆయన విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది.

"ఇప్పుడే కదమ్మా చింపి చూశానన్నారు, సీసాలో పెట్టానన్నారు."

"అది అబద్ధమండీ, ఇది నిజమండీ!"

"మిగిలిన ముక్కలేమైనా ఉన్నాయా ఇంట్లో? తెచ్చి చూపించండి."

"పారేశానండీ."

"కేసు నాకు తెలుసమ్మా. కోర్టులో దగ్గు మందన్నది కూడా మీరే కదా." ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "మీ స్థానంలో ఏ అక్క ఉన్నా ఇలాగే మాట మారుస్తుంది. నేనేం తప్పుపట్టను. కానీ మీరు మొదట చెప్పిన మాటే నేను రాసుకోవాలి."

తమ్ముడి పేరు బోర్డు జాబితా నుంచి తీసేశారు. మళ్ళీ ఏడాది గడిచాకే మాట. వాణ్ణి తిరిగి లోపలికి తీసుకెళ్ళేముందు, పాపం ఆ సూపరింటెండెంటే, ఇద్దరినీ వరండాలో కాసేపు మాట్లాడుకోనిచ్చాడు. వార్డర్ నాలుగడుగుల అవతల నిలబడ్డాడు.

"అక్కా, నాకొక్కటి చెప్పు" అన్నాడు తమ్ముడు. "ఎండలేదు కదూ?"

"లేదురా."

వాడు గోడకి జారగిలబడి గట్టిగా ఊపిరి వదిలాడు. "అమ్మయ్య! నా గదిలో ఉండేవాడు నీళ్ళు పోశాడేమోనని ఇన్నాళ్ళూ వాడితో మాట్లాడ్డం మానేశాను. పాపం."

"తిట్టరా నన్ను! చెంప మీద ఒకటి కొట్టరా!"

"ఎందుకులే అక్కా." వాడు చేతుల వంక చూసుకున్నాడు. "వచ్చిన రోజు రెండు ముక్కలు తిన్నా, బాగున్నాయి. మిగతావి దాచుకుంటూ తిందామనుకున్నా. తర్వాత వాసన మారింది. నాకు తెలీదా ఆ వాసన? పారేద్దామని సంచి తియ్యడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, మళ్ళీ కట్టి కింద పెట్టెయ్యడం. రోజూ అదే పని. తినలేదు, ఒట్టు. నువ్వు పంపింది పారెయ్యబుద్ధి కాలేదు, అంతే. ఎవరికైనా చెప్పాల్సింది. చెప్తే నీ పార్సిలు ఆపేస్తారని భయమేసింది."

అక్క ఇక నిలబడలేక అక్కడే చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాడు వంగి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. వార్డర్ ముఖం తిప్పుకున్నాడు.

"ఏడాదే కదా, ఉంటాను. అమ్మ ఉండదు, అదీ తెలుసు. నువ్వు ఒక్క పని చెయ్యి. నేను మళ్ళీ తాగలేదని, సారా కాచలేదని అమ్మకి చెప్పు. ఆ మాట నమ్మి పోతే చాలు నాకు."

చెప్పింది. ఆ సాయంత్రమే మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, అనాస కొన్న దగ్గర్నుంచీ వరండాలో మాట దాకా ఒక్కటీ దాచకుండా చెప్పింది. అమ్మ కళ్ళార్పకుండా విన్నది. అంతా అయ్యాక ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుంది.

"బాగా చెప్పావే. ఈసారి బాగా అతికింది."

"అమ్మా! నిజమమ్మా!"

"పైన పెంకట, లోపల నీళ్ళట!" అమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. "ఎక్కణ్ణుంచి పట్టుకొస్తావే ఇవన్నీ?"

"కుట్టు పిన్నిని అడుగు, కావాలంటే ఇప్పుడే ఫోన్ చేస్తాను!"

"ఆవిడ నువ్వు చెప్పమన్నట్టే చెబుతుంది." కోపంగా లేదు అమ్మ గొంతు. ఎండిన చెయ్యి ఎత్తి కూతురి తల మీద వేసింది. "వాడు చేసినవన్నీ నీ నెత్తిన వేసుకుంటూనే ఉన్నావు చిన్నప్పట్నుంచీ. ఇదొక్కటీ దించుకోవే. నేను పోయాకైనా దించుకో. నీలాంటి కూతురు ఎవరికుంటుంది?"

తిట్టినా భరించేది. ఈ మెచ్చుకోలు మాత్రం ఆమె భరించలేకపోయింది. తెల్లారగానే బజారుకి పరుగెత్తి అనాస పండు కొనుక్కొచ్చింది. చూపిస్తే నమ్మక ఏం చేస్తుంది! అదే తప్పు, అలాగే చేసి, అమ్మ కళ్ళముందు పెట్టాలి. సంచి పొంగుతుంటే ఆవిడే చూస్తుంది. చెక్కు తీసింది, కోసింది, ట్రేల్లో పేర్చింది, మీటని చివరిదాకా తిప్పింది, వేడి వేడిగా సంచిలో పోసి ఇస్త్రీ పెట్టెతో అతికింది. మంచం ఎదురుగా అలమర మీద పెట్టి, "చూస్తూ ఉండమ్మా, ఆవిరి పడుతుంది, తర్వాత ఉబ్బుతుంది" అంది.

అమ్మ కూతురి సరదా కాదనలేనట్టు చూస్తూనే ఉంది. పొద్దున్నే అడిగేది: "ఏమే, ఉబ్బిందా నీ సంచి?" ఉబ్బలేదు. ఆవిరి కూడా పట్టలేదు. మర్నాడూ అంతే, ఆ పై నాడూ అంతే. అక్క సంచిని వెలుతురుకి పెట్టి తిప్పి తిప్పి చూసేది. చివరికి విప్పి, ముక్క తీసి చింపింది. లోపల చెమ్మ లేదు. అప్పుడు ముక్క మందం చూసుకుంది. పల్చగా, అన్నీ ఒక్క తీరుగా, ఒకదానికొకటి తగలకుండా. ఇన్నాళ్ళుగా నేర్చుకున్న చెయ్యి, ఆమె వద్దనుకున్నా, సరిగ్గానే కోసి సరిగ్గానే పేర్చింది. తప్పు చేద్దామని కూర్చుంటే తప్పు రాలేదు.

"ఇటివ్వు" అని అమ్మ ఒక ముక్క తీసుకుని వేళ్ళతో విరిచింది. టప్పున విరిగింది. "ఎంత బాగా ఎండబెట్టావే" అంది. నవ్వబోయి దగ్గింది.

మళ్ళీ పండు కొందామని, ఈసారి లావుగా కోద్దామని బయల్దేరుతుండగానే అమ్మకి ఊపిరి పట్టేసింది. ఆస్పత్రికి చేర్చారు. అక్కడ మాట పోయింది. రెండో రోజు మధ్యాహ్నం, అక్క ఎండబెట్టి మడతబల్లకి చేర్చే దుప్పట్ల లాంటి తెల్లటి దుప్పటి కిందే, అమ్మ వెళ్ళిపోయింది.

చివరి చూపుకి తమ్ముణ్ణి తీసుకొచ్చారు. అటొక పోలీసు, ఇటొక పోలీసు, ఒక చేతికి బేడీ. ఇరుగూ పొరుగూ గోడ వారకి జరిగి దారి వదిలారు. గుమ్మంలోంచి అమ్మని పడుకోబెట్టిన చోటికి వాడు నెమ్మదిగా, తొణక్కుండా నడిచి వచ్చాడు. చాలాసేపు ఆ ముఖం చూశాడు. బేడీ లేని చేత్తో నుదుటి మీది జుట్టు సర్దాడు. అప్పుడు అక్క వైపు వంగి, చెవిలో అడిగాడు.

"చెప్పావా అక్కా?"

"చెప్పానురా."

"నమ్మిందా?"

అక్క వాడి ముఖంలోకి చూసింది. ఆ కళ్ళు తేటగా ఉన్నాయి. అంత తేటగా అవి ఉండడం చిన్నప్పుడెప్పుడో చూసింది.

"నమ్మిందిరా. నా బిడ్డ బాగుపడ్డాడు, ఇక చాలు అంది."

వాడు తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి. పక్కనున్న పోలీసు బేడీ గొలుసు కాస్త వదులు చేశాడు. ఇన్నేళ్ళుగా ఆమె చెప్పినవాటిలో ఆ ఒక్కదాన్ని వాడు మారు ప్రశ్న వెయ్యకుండా నమ్మాడు.